పెద్దకోడలి మూడో నవల

పెద్దకోడలు మూడు నవలలు రాసింది. మూడూ బాగానే అమ్ముడుపోయాయి. పెద్దకోడలు అనే మనిషి మాత్రం ఎక్కడా లేదు.

ఆమె ఒక టీవీ సీరియల్లో పాత్ర. సీరియల్ వాళ్లు ఆమెకి చక్కటి పేరు, దానికి తగ్గ ఇంటిపేరు కూడా పెట్టారు. ఆ పేరు నేను పలకను. పలకాల్సిన వాళ్లకంటే ఎక్కువమందే పలికారు. మా ఇంట్లో ఆమె పెద్దకోడలే. కథలో ఆమె రచయిత్రి. అత్తింటివాళ్లు ఎన్ని సూటిపోటి మాటలన్నా పల్లెత్తు మాట అనకుండా మేడమీది గదిలోకి వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని రాసుకుంటుంది. ఇంతకీ ఏం రాస్తోంది, మాకూ చదవాలనుంది అని చూసేవాళ్లు ఛానెల్‌కి ఫోన్లు చేశారట. ఛానెల్ వాళ్లు ఒక ప్రచురణ సంస్థని పట్టుకున్నారు. ఆ సంస్థ మా ఆవిణ్ణి పట్టుకుంది.

మా ఆవిడ అక్కడ అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేసేది. పెళ్లికి ముందు పత్రికల్లో నాలుగైదు కథలు రాసింది. ఆ సంగతి ఎడిటర్‌కి గుర్తుంది. మనిషి చూడటానికి గంభీరంగా ఉంటాడు గానీ, ఎవరి చేత ఏ పని చేయించుకోవాలో బాగా తెలిసినవాడు. "నీ కలం ఊరికే తుప్పుపడుతోందమ్మా" అన్నాడట. ఆ ఒక్క ముక్కకి మా ఆవిడ పడిపోయింది.

అట్ట మీద పెద్దకోడలి పేరు. అట్ట వెనక ఆ వేషం వేసే నటి ఫొటో. పుస్తకాల ప్రదర్శన జరిగితే ఆ నటి సీరియల్లో కట్టే చీరే కట్టుకుని వచ్చి, వరసలో నిలబడ్డవాళ్లకి సంతకాలు పెట్టేది. ఆ సంతకాన్ని కూడా మా ఆవిడే తయారుచేసి ఇచ్చింది, ఆ అమ్మాయి చూసి నేర్చుకుంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

నాది కళ్లద్దాల షాపు. చదువుకోవడానికి అద్దాలు కావాలని వచ్చే ఆడవాళ్లు సంచిలోంచి పెద్దకోడలి పుస్తకం తీసి, "ఈ అక్షరాలు కనిపించాలండీ, పరీక్ష ఎందుకు, ఇది చదవగలిగితే చాలు" అనేవాళ్లు. నేను నోరు మూసుకుని అద్దాలు మార్చి మార్చి పెట్టేవాణ్ణి. ఎవరు రాస్తున్నారో బయటికి పొక్కకూడదని ఒప్పందం. మొగుడికి చెప్పొచ్చా అని మా ఆవిడ అడిగితే, ఎడిటర్ కాసేపు ఆలోచించి, "ఆయన ఎక్కువ మాట్లాడతాడా?" అన్నాడట.

మా అత్తగారికి, అంటే మా ఆవిడ తల్లికి మాత్రం చెప్పలేదు. ఆవిడ మాకు రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో ఒక్కతే ఉండేది. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఒకరి మీద ఆధారపడటం గిట్టదు. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. కింద వాటాలో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో అన్నీ ఆవిడ దగ్గర ఉంటాయి. పైగా పెద్దకోడలంటే ప్రాణం. సీరియల్ వచ్చే వేళకి మేం వెళ్తే, మంచినీళ్లు కూడా మమ్మల్నే తెచ్చుకోమనేది.

మొదటి రెండు నవలలూ మా ఆవిడ ఆడుతూ పాడుతూ రాసేసింది. ఛానెల్ వాళ్ల ఆంక్షలు వింటే నవ్వొచ్చేది. పెద్దకోడలికి కుక్కలంటే భయం, కాబట్టి నవలలో కుక్క రాకూడదు. పెద్దకోడలు అత్తని ఒక్క మాట అనదు, కాబట్టి అందులో అత్తలందరూ బంగారుతల్లులై ఉండాలి. "మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కలం సాగేది కాదు" అని మా ఆవిడ నన్ను ఉడికించేది. అప్పట్లో మా ఇంట్లో నవ్వులకి లోటు లేదు.

మూడో నవల దగ్గర వచ్చింది తంటా.

సీరియల్లో పెద్దకోడలికి ఒక గొప్ప బహుమతి ఇప్పించారు. వేదిక మీద ఆమె చేతిలో ఇటుకంత లావు పుస్తకం పెట్టారు. లోపల అన్నీ తెల్లకాగితాలే, పైన మాత్రం రంగుల అట్ట. కళ్లజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని, పెద్దకోడలు తన కొత్త నవల చివరి పేరా చదివింది. ఆ పేరా డైలాగులు రాసే అతను షూటింగులో కూర్చుని అప్పటికప్పుడు రాసిచ్చాడు.

"గుమ్మం దాటబోతున్నవాడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను అమ్మా అని పిలిచాడు. ఆ ఒక్క పిలుపు కోసమే నేను ఇన్నాళ్లూ బతికాను."

అంతే, ఇళ్లలో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. మర్నాటి నుంచీ ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఒకటే ఫోన్లు. పుస్తకమెక్కడిది? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఎడిటర్ ఆ ఇటుకని చంకలో పెట్టుకుని స్వయంగా మా ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఇంత లావు రావాలమ్మా. అందరూ చూశారు కదా, పల్చగా వస్తే బాగుండదు. ఈ పేరాతోనే ముగియాలి. కాస్త త్వరగా" అన్నాడు.

మా ఆవిడ ఆ పేరా చదివింది. మళ్లీ చదివింది. ఎడిటర్ వెళ్లాక కూడా ఆ తెల్లకాగితాలు తిప్పుతూ కూర్చుంది. ఏమైందని అడిగితే, "ఇది మా అమ్మ కథండీ" అంది.

ఆ కథ నాకు అప్పటికే తెలుసు. మా అత్తగారికి మొదట పుట్టింది మగపిల్లాడు. ఆవిడ అక్కగారికి పిల్లల్లేరు. నీకేం, చిన్నదానివి, ఇంకా పుడతారు, దానికి ఒకణ్ణి ఇచ్చెయ్ అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఇచ్చేసింది. ఆ తరవాత మా ఆవిడ పుట్టింది. పిల్లాడికి తెలియనివ్వకూడదని ఒట్టు వేయించుకున్నారు. వాడు పక్కవీధిలోనే పెరిగాడు. కన్నతల్లిని పిన్నీ అని పిలుస్తూ పెరిగాడు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. అబ్బాయి పై చదువుకి వేరే ఊరు వెళ్లాక, ఇంటికి మాట్లాడాలంటే ఆ ఎక్స్‌ఛేంజి ద్వారానే మాట్లాడాలి. "పిన్నీ, నువ్వేనా? అమ్మకి కలుపు" అనేవాడట. ఆవిడ కలిపేది. తన చేత్తో తీగ గుచ్చి, తన కొడుకుని వాడి అమ్మకి కలిపేది.

ఊళ్లోవాళ్లందరి కబుర్లూ చెప్పే మనిషి ఈ ఒక్క కబురూ నలభై ఏళ్లు పొట్టలో పెట్టుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనుకుందేమో. కొడుకు గుండెపోటుతో హఠాత్తుగా పోయినప్పుడు, పినతల్లి వరసలో ఓ మూల కూర్చుని, పినతల్లి ఎంత ఏడవాలో అంతే ఏడ్చింది. ఆ తరవాత ఒకరోజు బట్టలు మడతపెడుతూ మా ఆవిడతో చెప్పింది. చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా ఆవిడ కన్న కల ఏమిటంటే, ఆ కథని ఒక్కదాన్నైనా తన పేరుతో రాయాలి. అమ్మ ఉండగానే రాయాలి. అమ్మ చేతిలో పెట్టాలి. అందుకని దాన్ని కదపకుండా దాచుకుంది.

"వద్దు. దీనికి ఇంకేదైనా అల్లు. అది నీకోసం ఉంచుకో" అన్నాను.

అల్లింది. ఒకటి కాదు, ఎన్నో మొదలుపెట్టి చింపేసింది. "ఏ దారిన వెళ్లినా ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి అమ్మే నిలబడి ఉంటోందండీ. మిగతావన్నీ ఉత్త అబద్ధంలా ఉన్నాయి" అనేది. అవతల ఎడిటర్ తొందర. చివరికి రాసేసింది. ఎక్స్‌ఛేంజిని బడి చేసింది. ఆపరేటరుని టీచరు చేసింది. కొడుకు ఆ టీచరు క్లాసులోనే చదువుతాడు, సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ పెంపుడుతల్లి దగ్గరికి పరిగెత్తుతాడు. కన్నతల్లి కిటికీలోంచి చూస్తుంటుంది.

ముగింపు మీద మాత్రం పోట్లాడింది. "వాడు పిలవడు సార్. పిలవకుండానే పోతాడు. అదే నిజం" అని ఎడిటర్‌తో మొత్తుకుంది.

"ఊరంతా విన్న పేరా అమ్మా. ఇప్పుడు పిలవలేదంటే మనల్ని తంతారు" అన్నాడాయన.

పుస్తకం వచ్చింది. మొదటి రెండూ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. సీరియల్ నడిచినన్నాళ్లూ పెద్దకోడలి పేరే ఉండాలని, ఆ తరవాత మార్చుకోవచ్చని ఒప్పందంలో ఉంది కాబట్టి, అది ఎప్పుడు ముగుస్తుందా అని మేం ఎదురుచూశాం. అందరూ పెద్దకోడలు నిండు నూరేళ్లూ ఉండాలని కోరుకుంటుంటే, మా ఇంట్లో రోజూ ఆమె చావు కోరేవాళ్లం. అది ముగియగానే అమ్మకి చెప్పేస్తానని మా ఆవిడ అనేది. మొదట ఏమనాలో, తరవాత ఏమనాలో నా మీద అభ్యాసం కూడా చేసింది.

ఆ లోపలే అత్తగారు నాకు ఫోన్ చేసి, "బాబూ, పెద్దకోడలి కొత్త పుస్తకం ఒకటి పట్రా, పన్లో పనిగా నా అద్దాలు కూడా మార్చు" అంది. రెండూ తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ తరవాత చాలా రోజులు ఆవిడ దగ్గర్నుంచి కబుర్లు లేవు. కింద వాటా సంగతులు లేవు, ఎదురింటి గొడవలు లేవు. ఒక ఆదివారం పొద్దున్న ఇద్దర్నీ రమ్మంది. వెళ్లేసరికి టీవీ కట్టేసి ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది.

"తలుపు వెయ్యవే" అంది కూతురితో. "నువ్వూ కూర్చో బాబూ. ఇది నీకు చెప్పకుండా ఉండదు, నాకు తెలుసు." తరవాత పుస్తకం పైకెత్తి చూపించింది. "ఇది రాసినావిడ ఎవరు?"

"పెద్దకోడలు కదమ్మా."

"చాల్లే, నేనేం పాలు తాగే పిల్లనా? ఆ పిల్ల వేషం వేస్తుంది. రాసేది ఇంకెవరో. నువ్వు ఆ ఆఫీసులోనే కదా పనిచేసేది, నీకు తెలియదూ? ఎవరో గానీ, కన్నబిడ్డని ఇచ్చేసిన మనిషి. అనుభవించనిదే ఇలా రాయలేరు. బడి గేటు దగ్గర పిల్లాడు వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తితే ఈవిడ ఏం చేసిందో చదివావా? ఏడవలేదు. చేతిలో సుద్దముక్క విరిచింది. విరిచి, రెండు ముక్కలూ డబ్బాలో వేసి, పక్క క్లాసుకి వెళ్లింది." పుస్తకం మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. "నేను హెడ్‌ఫోను తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకునేదాన్ని. ఈ సంగతి నీకు చెప్పలేదు కూడా."

మా ఆవిడ తల వంచుకుంది.

"నా అంత పాపిష్టిది ఇంకొకతె ఉండదనుకున్నానే ఇన్నాళ్లూ. ఉంది. ఎక్కడో ఒక ఇంట్లో కూర్చుని నాలాగే మింగుతోంది. చదువుతుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నట్టుంది." పుస్తకం మీద చెయ్యి వేసింది. "ఒక్కసారి నన్ను ఆవిడకి కలుపు. కలవడం ఇష్టం లేకపోతే పోనీ, ఒక్క ముక్క అడిగి రా. చివర్న రాసింది చూడు, వాడు నిజంగానే అమ్మా అని పిలిచాడా? లేక ఊరికే రాసుకుందా?"

"కనుక్కుంటానమ్మా" అంది మా ఆవిడ. మేం లేచేటప్పుడు అత్తగారు, "దీనికి తప్పులు దిద్దింది నువ్వేనా? ఒక్క తప్పు లేదే" అంది. తల్లి నోట ఆ పుస్తకానికి మా ఆవిడ అందుకున్న మెప్పు అదొక్కటే.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "చెప్పెయ్. ఇంతకంటే మంచి సమయం రాదు. నీ పుస్తకం, మీ అమ్మ కథ. ఎవడబ్బ సొమ్మని దాచడం?"

"చెబితే అమ్మకి ఏం మిగులుతుందండీ?" అంది. "ఇంకో మనిషి ఉందనుకుంటోంది. అలాంటి మనిషి లేదమ్మా, నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పాను అనాలి. ఆ పిలుపు కూడా టీవీవాళ్లది అనాలి."

జవాబు లేకపోతే నాకు కోపం వస్తుంది. కోపంగా షాపుకి వెళ్లిపోయాను.

ఆ వారంలోనే సీరియల్ ముగిసిపోయింది. చూసేవాళ్లు తగ్గారని ఛానెల్ వాళ్లు నాలుగు పెళ్లిళ్లు ఒకే రోజు చేసి శుభం కార్డు వేశారు. ఎడిటర్ ఫోన్ చేశాడు. నటి ఫొటో ఇక వాడటానికి వీల్లేదట, మూడో నవలకి కొత్త అట్ట వేస్తారట. "ఇక నీ పేరే వేద్దామమ్మా. నీ ఫొటో, ఇన్నాళ్లూ రాసింది ఈవిడేనని పేపర్లో ఓ ముక్క. ఏమంటావ్?"

మా ఆవిడ ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగింది.

"ఫొటో తీసెయ్యండి సార్. పేరు ఆ పేరే ఉండనివ్వండి" అంది.

అవతల ఆయన ఏదో నచ్చజెప్పాడు. "వద్దు సార్" అంది. మళ్లీ ఏదో అన్నాడు. "బాగా ఆలోచించే చెబుతున్నా" అని పెట్టేసింది.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నీ సొమ్ము నువ్వే దానం చేసుకునే దాన్ని నిన్నే చూశాను" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, చాలాసేపు ఆ నీళ్ల కింద చేతులు పెట్టుకుని నిలబడింది. నాకు దుఃఖం ఆగలేదు. పరాయివాళ్ల వాక్యాలు దిద్ది దిద్ది అలిసిపోయిన మనిషి, జన్మకో పుస్తకం రాసి, దాన్ని లేని మనిషికి రాసిచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారింటికి వెళ్లాం. తలుపు తీస్తూనే, "కనుక్కున్నావా?" అంది.

"కనుక్కున్నానమ్మా. ఎవరో పెద్దావిడట. ఎవర్నీ కలవదట."

"నేననుకున్నాలే. నేనైనా కలవను." అత్తగారు కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసింది. "మరి అది అడిగావా?"

మా ఆవిడ తల్లి పక్కన నేల మీద కూర్చుంది. దారి పొడుగునా ఆ ఒక్క మాటే పలికి పలికి చూసుకుంది. తడబడకుండానే చెప్పింది.

"పిలిచాడట అమ్మా."

అత్తగారి ముఖం విప్పారింది. "పిలిచాడా! నిజంగానా?"

"నిజంగానే. పుస్తకంలో ఉన్నట్టే."

"అదృష్టవంతురాలు" అంది అత్తగారు. రెండు చేతుల్తో పుస్తకం కళ్లకి అద్దుకుంది. "పోనీలే తల్లీ, నీకైనా దక్కింది" అని పుస్తకంతోనే అంది. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "అయితే పిలవకుండా పోయింది మావాడొక్కడేనన్నమాట" అంది.

ఆ మాట మా ఇద్దరికీ తట్టనే లేదు. అన్నివైపుల నుంచీ ఆలోచించాం అనుకున్నాం. ఆవిడకి ఒక తోడు మిగల్చాలని మా ఆవిడ తన పేరు వదులుకుంది. ఆ తోడు కూడా ఇప్పుడు ఒడ్డెక్కిపోయిన మనిషైంది, ఆవిడ మళ్లీ ఒక్కతే మిగిలింది. అత్తగారు ఏడ్చి ఉంటే బాగుండేది. లేచి, మాకు తాగడానికి ఏమన్నా ఇస్తానని వంటింట్లోకి వెళ్లింది.

బయల్దేరి ఒక అంతస్తు దిగామో లేదో, మా ఆవిడ ఆగిపోయింది.

"వెనక్కి వెళ్లి చెప్పేస్తానండీ. ఆ పిలుపు కల్పించిందేనని."

"నీకెలా తెలుసంటుంది."

"నేనే రాశానంటాను."

"అప్పుడు ఆవిడే లేదని కూడా అనాలి."

ముందు నుయ్యి వెనక గొయ్యి. మా ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని పైకీ చూడలేక కిందికీ దిగలేక నిలబడింది. పైన తలుపు తెరుచుకుంది. అత్తగారు కమ్మీ మీంచి తొంగిచూసింది.

"ఏమే, వెళ్లిపోయారా? ఆవిడతో ఒక్క మాట చెప్పు."

"ఏమనమ్మా?"

"బాగా రాసిందని చెప్పు. నాకు కుళ్లు లేదని, సంతోషించానని చెప్పు."

"చెబుతానమ్మా" అంది మా ఆవిడ.